తిరిగిరాని వైమానికులు



గడచిన మాఘమాసమున, మా ప్రాంతపు కళ్లములలో పసుపు ఉడికించి ఆరబోయుచున్న దినములలో, ఒకనాటి సాయంకాలము డిచ్‌పల్లి గుట్టమీది రామాలయపు మెట్లపై మేము నలుగురైదుగురము కూర్చుండి యుంటిమి. ఆకసమున ఒక విమానము సన్నని తెల్లని చార గీయుచు సాగిపోయెను. దానిని చూచి మాలో పెద్దవాడైన యొక రైతు నన్నిట్లడిగెను: “పంతులూ, నైజాం జమానల మన హైదరాబాదు పేరు మీద ఇంగ్లాండుల విమానాల దండు ఉండెనట గద. మా మనుమడు చెప్పిండు. అండ్ల పోయినోళ్లు మనోళ్లేనా?”

నేను చిరకాలము బాలురకు చరిత్ర పాఠము చెప్పినవాడను. యుద్ధములను తేదీలుగా వల్లె వేయించితిని గాని, ఇట్టి ప్రశ్న నన్ను ఏ బాలుడును అడిగి యుండలేదు. ఆ రాత్రి ఇంటికి పోయి తెలిసిన సంగతులను మనసున కూర్చుకొంటిని. ఆ పెద్దమనిషికి మరునాడు చెప్పిన సమాధానమునే నేడు మీకును విన్నవించెదను. పేరు మనది; పోయిన ప్రాణములు పరులవి. అయినను ఆ ప్రాణములతో మనకు సంబంధము లేకపోలేదు.

మొదట ఆ దండు పుట్టువు వినుడు. మొదటి ప్రపంచయుద్ధము సాగుచున్న 1917వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఇంగ్లాండులోని రెండ్‌కూంబు అను చోట 110వ వైమానిక దళము ఏర్పడెను. హైదరాబాదు రాజ్యమును 1911 మొదలు 1948 వరకు ఏలిన మీర్ ఉస్మాన్ అలీఖాను నిజాము ఆ దళమునకు విమానములను కానుకగా ఇచ్చెను. అవి డి.హెచ్.9ఏ అను జాతివి. నాలుగువందల గుఱ్ఱముల బలముగల ఒక్కొక్క యంత్రముతో, ఇద్దరు మనుష్యులను మోసికొని పోవునవి. వాని ప్రక్కలపై దాత పేరును, హైదరాబాదు అను మాటయు, సంఖ్యయు వ్రాయబడెను. నాటినుండి ఆ దళము హైదరాబాదు దళమనియే ప్రసిద్ధికెక్కెను. నక్షత్రములు గల కిరీటమునుండి పైకి వెలువడు పులి దాని చిహ్నము. ‘భయపడను, తృణీకరింపను’ అనునది దాని ధ్యేయవాక్యమునకు అర్థము.

రాజు కానుక ఇచ్చెనందుము. రాజు చేతిలోని ధనమెక్కడిది? దున్నువాడు శిస్తు కట్టినగాని ఖజానా నిండదు. తరువాతి కాలమున, 1923 మొదలు 1931 వరకు, ఆ ప్రభువు కాలముననే మంజీరపై నిజాంసాగరము కట్టబడెను. దాని నీటితో మన జిల్లా పొలములు పచ్చబడెను. ఒక సొమ్ము నీరుగా మన చేలకు వచ్చెను. ఒక సొమ్ము రెక్కలు కట్టుకొని ఎన్నడును చూడని దేశముల మీదికి పోయెను. రెంటిలోను మన తాతల చెమట కలదని నేను తలంతును.

ఆ విమానములు 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి జర్మనీ పట్టణముల మీదికి పోవ మొదలిడెను. యుద్ధము ముగియుటకు రెండున్నర నెలలే మిగిలియుండెను. అంతలోనే ఎంత నష్టము! అక్టోబరు 21వ తేదీ నాటి ఒక్క దాడిలో ఏడు విమానములు తిరిగిరాలేదు. అదే నెల 5వ తేదీన జర్మనుల చేత చిక్కిన యొక విమానము నేటికిని నిలిచియున్నది. అది బెర్లినున ప్రదర్శింపబడి, పిమ్మట పోలండునకు చేరి, 1977లో మరల ఇంగ్లాండు చేరి అక్కడి వైమానిక ప్రదర్శనశాలలో కొలువైనది. దాని ప్రక్కను మన రాజధాని పేరు నేటికిని చదువవచ్చును.

తరువాత దళము రద్దయి, 1937లో పునరుద్ధరింపబడెను. రెండవ ప్రపంచయుద్ధము నాటికి అది సఫోకు మండలములోని వాటిషాము విమానాశ్రయమున నుండెను. అప్పుడు దాని వాహనములు బ్లెన్‌హైమ్ అను రెండు యంత్రముల బాంబుల విమానములు. ఇట్టి విమానమున సాధారణముగా ముగ్గురుందురు. నడుపువాడొకడు, త్రోవ చూచి బాంబు వదలువాడొకడు, తంతిలేని వార్తలు పంపుచు వెనుక తుపాకి పట్టి కాచువాడొకడు. మువ్వురి ప్రాణములును ఒక్క తాటికి కట్టిన ముంతల వంటివి. నడుపువాడు చచ్చిన తక్కిన ఇద్దరికిని దిక్కులేదు. మోసికొని పోగల బాంబుల బరువు వేయి పౌనులు, అనగా మన నేటి తూకమున నాలుగున్నర క్వింటాళ్లు. సంతకు పోవు ఎడ్లబండి ఇంతకు హెచ్చు పసుపు మోయగలదు. కాని ఈ బరువును సముద్రము దాటించి మూడువందల మైళ్లు మోయవలెను. మోసినచోట దించి, అంత దూరము మరలి రావలెను.

ఆ మరలి వచ్చుటయే కష్టము. ఇక ఆ కథ వినుడు.

1939 సెప్టెంబరు 3వ తేదీ పగటివేళ బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించెను. ఆ మధ్యాహ్నమే మాక్‌ఫర్సన్ అను వైమానికుడు ఒక బ్లెన్‌హైమున ఒంటరిగా పోయి జర్మను యుద్ధనౌకలను కనిపెట్టెను. కాని ఎత్తైన ఆకాశపు చలికి వార్తాయంత్రము గడ్డకట్టుటచే కబురు పంపలేకపోయెను. మరునాడు, సెప్టెంబరు 4వ తేదీన, మూడు దళములనుండి అయిదేసి చొప్పున పదునైదు బ్లెన్‌హైములు విల్‌హెల్మ్స్‌హావెన్ అను జర్మను నౌకాశ్రయము వైపు బయలుదేరెను. అందు ఒకటి మన పేరుగల 110వ దళము. ఒకటి 107వ దళము. మూడవది 139వ దళము. ఆ రెండవ మహాయుద్ధమున బ్రిటిషు వైమానికులు శత్రువుపై బాంబులు వేసిన మొదటి దినమదే. ముందు నడచినది హైదరాబాదు దళము. దాని నాయకుడు కెన్నెత్ డోరన్.

పెద్దలారా, ఆనాటి ఆజ్ఞ యొకటి గమనింపదగినది. పౌరులకు హాని కలుగరాదు. సముద్రమున లంగరు వేసిన యుద్ధనౌకలనే కొట్టవలెను. ఒడ్డున నున్న ఇండ్లమీద బాంబు పడరాదు. యుద్ధము మొదటి దినములలో ఇట్టి నియమములుండెను. అవి ఎంతకాలము నిలిచెనో ముందు చెప్పెదను.

ఆ దినమున మబ్బులు నేలకు వ్రాలియుండెను. 139వ దళము త్రోవ కానక తిరిగిపోయెను. డోరన్ మబ్బుల అడుగున అయిదువందల అడుగుల ఎత్తున పోయెను. ఆరేడు తాటిచెట్లను ఒకదానిపై నొకటి నిలిపిన ఎత్తనుకొనుడు. అంత దగ్గరగా యుద్ధనౌక మీదికి పోవుటయనగా తేనెపట్టు క్రిందికి ముఖము పెట్టుటయే. అడ్మిరల్ షీర్ అను పెద్ద యుద్ధనౌక ఎదుట కనబడెను. దానిపై నావికులు ఉతికి ఆరవేసిన బట్టలు కనబడినవని డోరన్ తరువాత చెప్పెను. యుద్ధము తమ యింటి ముంగిటికి రాగలదని ఆ నావికులు తలపలేదు. వారును తల్లుల బిడ్డలే కదా!

బాంబులు పడినవి. మూడైనను ఓడకు తగిలినవి. ఒక్కటియు ప్రేలలేదు. ఏలయందురేని, బాంబు తగిలిన పదునొకండు సెకనుల పిమ్మట ప్రేలునట్లు దానికి మీట అమర్చబడియుండెను. విమానము అంత క్రిందుగా పోవుచున్నప్పుడు బాంబు తగిలిన క్షణముననే ప్రేలినయెడల ఆ విసురు వేసినవానినే మ్రింగును. పదునొకండు సెకనులలో విమానము అరమైలుకు మించి సాగిపోవును. ఉపాయము మంచిదే. కాని అంత తక్కువ ఎత్తునుండి పడిన బాంబులు ఉక్కు తాపడముపై రాతిమీది గోళీలవలె ఎగిరి సముద్రమున పడినవి. వేసినవానిని కాచుటకు చేసిన ఏర్పాటే వేసిన పనిని వ్యర్థము చేసినది.

అంతలో ఓడలపైని ఫిరంగులును, ఒడ్డున నున్నవియు మేలుకొన్నవి. హైదరాబాదు దళపు అయిదు విమానములలో నాలుగు తిరిగివచ్చెను. వెనుక వచ్చిన 107వ దళపు అయిదింటిలో ఒక్కటే తిరిగివచ్చెను.

హైదరాబాదు దళమునుండి తిరిగిరాని ఆ యొక్క విమానమును నడిపినవాడు హెచ్. ఎల్. ఎమ్డెన్ అను యువకుడు. దెబ్బతిన్న ఆ విమానము ఒక జర్మను క్రూజరు మీదనే కూలెను. ఆ ఓడ పేరు కూడ ఎమ్డెన్! మనుష్యుని ఇంటిపేరు, అతని చావునకు చోటైన ఓడ పేరు ఒక్కటే. అతడును, తోడివారును మరణించిరి. ఓడలోని నావికులలోను కొందరు మరణించిరి.

ఎమ్డెన్ అను మాట మన దక్షిణ దేశమునకు క్రొత్తది కాదు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి అదే పేరుగల పూర్వపు జర్మను ఓడ చెన్నపట్టణముపై గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టెను. నాడు చెన్నపురి జనులు ఎందరో పట్టణము విడిచి పరుగెత్తిరి. తమిళ మలయాళ దేశములలో నేటికిని జిత్తులమారియైన గట్టివానిని ఎమ్డెన్ అందురు. ఆ తొలి ఓడ అదే సంవత్సరము నవంబరు 9వ తేదీన కొక్కోసు దీవుల వద్ద నాశమయ్యెను. దాని పేరు నిలుపుటకు 1925లో జలప్రవేశము చేసిన ఓడయే ఇది. చెన్నపురిని కొట్టిన ఓడ పేరిటి ఓడపై, నిజాము రాజ్యపు పేరిటి దళపు విమానము, ఆ పేరే గల యువకునితో వచ్చి కూలెను. పురాణమున చదివినయెడల కవి కల్పించెననుకొందుము. విధి కల్పనకు హద్దు లేదు.

ఇక తిరిగిరాని 107వ దళము వారిలో నొకని కథ చెప్పవలసి యున్నది. అతని పేరు బ్రయను లైటోలర్. అతని తండ్రి చార్లెస్ లైటోలర్ పేరు మీలో ఓడల కథలు చదివినవారు వినియుందురు. 1912లో మంచుకొండకు తగిలి మునిగిన టైటానిక్ ఓడకు ఆయన రెండవ అధికారి. స్త్రీలను, పిల్లలను పడవలకెక్కించి, తాను ఓడతో మునిగి, ఎట్లో పైకి తేలి బ్రతికినవాడు. ఓడ అధికారులలో బ్రతికి బయటపడినవారిలో ఆయనయే అందరికంటె పెద్దవాడు. అట్టి తండ్రికి కడగొట్టు కొడుకు బ్రయను.

కొడుకు బాంబుల విమానము నడుపుట నేర్చుకొనుచున్న దినములలో ఇంటికి వచ్చినపుడు తండ్రితో తన విద్యను గూర్చి మాటలాడుచుండెడివాడు. పైనుండి విమానము ఎట్లు విరుచుకొని పడును, గురి ఎట్లు పెట్టును, గురి తప్పించుకొనుటకు క్రిందివాడు ఏమి చేయవలెను, ఇట్టి సంగతులు. భోజనము వేళ తండ్రికొడుకులు మాటలాడుకొనునట్టి మాటలే. వానికి ఎవరును విలువ కట్టలేదు. పిమ్మట యుద్ధము వచ్చెను. యుద్ధము వచ్చిన మరునాడే ఆ కొడుకు పోయెను.

తొమ్మిది నెలలు గడచెను. 1940 మే చివరి దినములలో బ్రిటిషు ఫ్రెంచి సైన్యములు ఫ్రాన్సు తీరమున డంకర్క్ అను చోట శత్రువుల నడుమ చిక్కుకొనిరి. పెద్ద ఓడలు ఒడ్డుకు చేరలేని చోట్ల చిన్న పడవలు కావలసి వచ్చెను. చార్లెస్ లైటోలరునకు సన్‌డౌనర్ అను సొంత పడవ కలదు. ప్రభుత్వము దానిని అడిగినపుడు, పడవ పోవలెనన్న నేనే నడుపుదునని ఆ వృద్ధుడు పట్టుపట్టెను. ఆయన వయస్సు అప్పుడు అరువదియారు. జూను 1వ తేదీన పెద్దకుమారుడు రోజరును, ఒక యువ స్కౌటును వెంటబెట్టుకొని సముద్రము దాటెను. ఇరువదిమంది ఎక్కినను కిక్కిరిసిపోవు ఆ పడవలో సుమారు నూటముప్పదిమంది సైనికులను క్రింద పైన కుక్కి తెచ్చెను.

త్రోవలో శత్రు విమానములు పడవపై పలుమారు విరుచుకొనిపడెను. అప్పుడా వృద్ధుడు చచ్చిన కొడుకు చెప్పిన మాటలను జ్ఞప్తికి తెచ్చుకొనెను. విమానము దూకుచున్నపుడు తొందరపడి పడవను త్రిప్పరాదు. త్రిప్పినచో వాడును గురి మార్చుకొనును. వాడు గురి కుదుర్చుకొని ఇక మరల్చుకొనలేని క్షణము వరకు ఓపిక పట్టి, అప్పుడు చుక్కాని గట్టిగా త్రిప్పవలెను. ఆయన అట్లే చేసెను. గుండ్లు నీటిలో పడెను. పడవలో ఒక్కనికిని అపాయము కలుగలేదు. తమ రక్షణకు చాలవరకు తన చిన్నకొడుకు తెలియకయే చేసిన సాయము కారణమని ఆయన తరువాత వ్రాసెను.

పెద్దలారా, ఇచ్చట నాకు భారతము తోచుచున్నది. అభిమన్యుడు పద్మవ్యూహము చొచ్చు విద్య నెరుగును. వెలువడు విద్య నెరుగడు. ఆ బాలుడు చొచ్చెను, పోరెను, మడిసెను. బాంబుల విమానము నడుపు ప్రతి యువకుడును ఒక అభిమన్యుడే. శత్రువుల ఫిరంగుల నడుమకు చొచ్చుట అతని చేతిలోనిది, వెలువడుట దైవాధీనము. అభిమన్యుని తండ్రి ఆ రాత్రి ఏమి చేసెను? మరునాటి ప్రొద్దు గ్రుంకులోగా సైంధవుని చంపెదనని శపథము పట్టెను, చంపెను. అది క్షత్రియ ధర్మము, దానిని నిందింపను. కాని ఈ ఓడమనిషి వంక చూడుడు. కొడుకు తనకు మిగిల్చిపోయిన విద్యను ఒకనిని చంపుటకు వాడలేదు. ఇతరుల కొడుకులను నూటముప్పదిమందిని వారి తల్లుల కడకు చేర్చుటకు వాడెను. అభిమన్యునికి వెలువడు విద్యను తండ్రి చెప్పలేకపోయెను. ఇచ్చట కొడుకే తండ్రికి వెలువడు విద్య చెప్పి, తాను మాత్రము లోపల నిలిచిపోయెను.

ఆ తండ్రి దుఃఖము అంతటితో తీరలేదు. డంకర్కునకు వెంటవచ్చిన పెద్దకుమారుడు రోజరు కూడ 1945 మార్చిలో యుద్ధముననే మరణించెను. కొడుకులలో ఇద్దరిని కోల్పోయి ఆయన 1952 వరకు జీవించెను.

ముందు చెప్పెదనన్న మాట యొకటి మిగిలియున్నది. ఇండ్లమీద బాంబు పడరాదను నియమము ఏమయ్యెను? ఏడాది తిరుగకమునుపే ఇరుప్రక్కల వారును దానిని విడిచిరి. లండను మండెను, 1943లో హాంబర్గు, 1945లో డ్రెస్డెను మండెను. ఆ మంటలలో కాలినవారిలో స్త్రీలు, పసివారు, ముసలివారు వేలకొలది కలరు. వైమానికులకును క్షేమము లేదు. బ్రిటిషు బాంబుల విమానముల సేనలో పనిచేసిన సుమారు లక్షా ఇరువదియైదువేల వైమానికులలో 55,573 మంది చనిపోయిరి. అనగా నూటికి నలువదినలుగురు. నూరుగురు బాలురు బడినుండి బయలుదేరి ఏబదియార్గురే ఇల్లు చేరినట్లు తలచుకొనుడు. ఏ ఊరు దానిని సహించును? మొదట కబురు తెచ్చిన మాక్‌ఫర్సన్ 1940 మేలో మరణించెను. ముందు నడచిన డోరన్ ఆ సంవత్సరమే నార్వే వైపు దాడిలో శత్రువులకు చిక్కి బందీయయ్యెను.

హైదరాబాదు దళము 1942లో మన దేశమునకే వచ్చి, బర్మా సరిహద్దున జపానువారితో పోరెను. కడకు 1971లో సింగపూరున రద్దయ్యెను. అప్పటికి హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలసి ఇరువదిరెండేండ్లు దాటినది. రాజ్యము పోయినను పేరు అంతవరకు పరదేశపు రెక్కలపై ఎగురుచునే యుండెను.

ఇదంతయు విని ఆ పెద్దమనిషి కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట నిట్లనెను: “అయితే పంతులూ, మన పైసలతోని చచ్చిన పరాయి పిల్లలన్నట్టు.” ఆ మాట నా గుండెలో నాటుకొనెను. రాజు కానుక ఇచ్చినపుడు శిస్తు కట్టిన రైతును ఎవరును అడుగలేదు. విమానమెక్కిన యువకునికి హైదరాబాదు ఎక్కడనున్నదో తెలిసియుండినను, మన పొలమును చూచి యుండడు. ఇద్దరిని కలిపినది ఒక పేరు. పేరు ఇచ్చుట సులభము. పేరు మోయువాడు దాని బరువును ప్రాణముతో చెల్లించును.

మన గ్రామముల పొలిమేరలలో వీరగల్లులు కలవు. చేత కత్తితో నిలిచిన బొమ్మ; క్రింద పేరు లేదు, ఉన్నను వానకు చెరిగినది. వాడెవడో, ఏ పశువులను కాచుటకు పడెనో మనకు తెలియదు. అయినను పండుగనాడు పసుపు రాసి బొట్టు పెట్టుదుము. తెలియనివానికే అంత చేసిన మనము, మన పేరు మోసి పోయినవారిని ఒకసారి తలచుకొనుట ఎక్కువ కాదు. తలచుకొనునపుడు వారిచే కూలిన ఇండ్లవారిని కూడ తలపవలెను. అప్పుడే తలపు నిండగును.

మీకు నా విన్నపమొక్కటే. నేడు మన ఊళ్ల పిల్లలును సేనలలో చేరుచున్నారు, యంత్రవిద్యలు నేర్చుచున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినపుడు వారు ఏమేమో చెప్పుదురు. అది మనకు తెలియని విద్యయని పెడచెవిని పెట్టక, అన్నము ముందు కూర్చుండి వినుడు. కొడుకు చెప్పిన మాట తండ్రికి ఎన్నడు ఎవని ప్రాణము నిలుపుటకు పనికివచ్చునో ఎవరెరుగుదురు? ఆ ఓడమనిషి విన్నందున నూటముప్పదిమంది ఇల్లు చేరిరి.